తప్పు నొక్కిన పిల్ల

మా అన్న మనవరాలు కొత్తగా ఉద్యోగంలో చేరింది. చిన్నపిల్లలు ఫోన్లలో, ట్యాబుల్లో చూసి నేర్చుకునే పాఠాలు తయారుచేసే పనట. బొమ్మలు కదలడం, పిల్ల వేలు పెట్టగానే జవాబు సరో తప్పో చెప్పడం, అన్నీ ఉంటాయట. "అవ్వా, నువ్వు గూడా మునుపు ఇదే పని చేసినావంట గదా. నాకేమన్నా చెప్పు" అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెడితే పొయ్యిమీద పప్పు మాడిపోయేదాకా ఆపనని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే కాగితం ముందేసుకున్నాను. ఆ పిల్ల చదువుతుంది, దాని తోటివాళ్లు చదివినా మంచిదే.

ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఏ ఫైలు ఎవరి బల్లమీద ఎన్నాళ్లు పడుకుంది, ఇవేవీ రాయను. అవి గుర్తు చేసుకుంటే నాకే ఆవలింత వస్తుంది. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. దానివల్ల ఒక పిల్ల చదువు ఆగిపోయేదాకా వచ్చింది. ఆ పిల్ల తెలివి తక్కువదని ఊరంతా అనుకునేలా చేసింది నేనే.

బెత్తం పట్టిన చేతికి మౌసు

మాది రాజంపేట. కడప, కర్నూలు జిల్లాల పల్లెల్లో ఇరవై ఏళ్లకు పైగా పంతులమ్మగా పనిచేశాను. పాఠం బాగా చెప్తానని పేరుండేది. చెయ్యి జోరని కూడా పేరుండేది. నేను వరండాలో నడిచొస్తుంటే రెండు తరగతుల అవతల కూడా సద్దు అణిగిపోయేది. దాన్ని నేను గౌరవం అనుకున్నాను. అది భయమని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

రెండువేల సంవత్సరం దాటాక ప్రాథమిక పాఠశాలలకు కంప్యూటర్లు రావడం మొదలైంది. పెట్టెలు వచ్చాయి కానీ వాటిలో పిల్లలకు చూపించడానికి ఏమీ లేదు. ఎక్కడో నగరంలో తయారైన సీడీలు వచ్చాయి. వాటిలో మంచు కురుస్తుంటుంది, పిల్లలు ఉన్ని టోపీలు పెట్టుకుని ఆపిల్ పండ్లు లెక్కపెడుతుంటారు. ఏప్రిల్ నెలలో కర్నూలు ఎండలో కూర్చున్న పిల్లలు వాటిని చూసి, "మేడం, ఆ పిల్లోళ్లకు జరమొచ్చిండాదా?" అని అడిగారు. అప్పుడు మా జిల్లాలోనే పాఠాలు తయారు చేద్దామని కొందరు టీచర్లను ఏరి కర్నూలుకు పిలిచారు. గొంతు స్పష్టంగా ఉంటుందని నన్నూ పిలిచారు.

కంప్యూటరును అంతకుముందు నేను తాకలేదు. మొదటిరోజు మౌసును చేతికిచ్చి బొమ్మను కదిలించమంటే, దాన్ని ఎత్తి నేరుగా తెరమీద పెట్టి తోశాను. మా బృందంలో బొమ్మలు గీసే డ్రాయింగ్ మాస్టారు మస్తాన్ వలీ సార్ ఉండేవారు. ఆయన చూసి, "మేడం, అది గోడకు పాకే బల్లి కాదు. నేలమీద పోయే ఎలక. జరా కింద పెట్టండి" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది కానీ ఆ తర్వాత ఆయనే నాకు పదేళ్ల స్నేహితుడయ్యారు.

పిల్లితో మాట్లాడండి

మా పాఠాల పద్ధతి ఇది. తెరమీద ఒక బొమ్మ, ఒక ప్రశ్న, కింద మూడు జవాబులు వస్తాయి. పిల్ల సరైనది నొక్కితే చప్పట్లు మోగి తర్వాతి ప్రశ్న వస్తుంది. తప్పు నొక్కితే ఏం రావాలి? దీనిమీద రెండు రోజులు వాదించుకున్నాం. గాడిద ఓండ్ర పెట్టాలని ఒకరన్నారు. ఎర్ర గుర్తు పడాలని ఇంకొకరన్నారు. నేను ఒప్పుకోలేదు. సరిగ్గా చెప్పిన పిల్లకు సంతోషం ఎలాగూ ఉంటుంది, చప్పట్లు చాలు. తప్పు చెప్పిన పిల్లకే ఓదార్పు మాట కావాలి అన్నాను. బెత్తం పట్టుకుని తిరిగిన మనిషి ఈ మాట అనడం నాకే వింతగా ఉండింది. కానీ మాట మంచిదే కదా, అందరూ ఒప్పుకున్నారు. ఆ మాటలు నా గొంతుతోనే రికార్డు చేయాలన్నారు.

రికార్డింగ్ గది అంటే ఒక పాత స్టోరు గది. బయట ఆటోల మోత వినబడకుండా కిటికీలకు బొంతలు కట్టాం. ఫ్యాను తిరిగితే మైకులో గాలి చప్పుడు వస్తుందని ఆపేసేవాళ్లం. మే నెలలో ఆ గదిలో అరగంట కూర్చుంటే చీర పిండుకోవచ్చు. నేను మైకు ముందు కూర్చుని, "పర్వాలేదు, మళ్లీ ప్రయత్నించు" అని చదివాను. మస్తాన్ సార్ చెవుల్లోంచి హెడ్‌ఫోను తీసేశారు.

"మేడం, ఇది ఓదార్చేటట్ల లేదు. పోలీసోళ్లు స్టేషనుకు రమ్మన్నట్ల ఉండాది."

పదిసార్లు చదివించారు. పదిసార్లూ అంతే. చివరికి విసిగిపోయి, "మీ ఇంట్లో ఎవరితోనన్నా మెత్తగా మాట్లాడతారా మేడం?" అని అడిగారు. ఆలోచించాను. నిజం చెప్పాలంటే నేను మెత్తగా మాట్లాడేది మా ఇంటి పిల్లితో ఒక్కదానితోనే. సిగ్గుపడుతూ ఆ మాటే చెప్పాను.

"అయితే పిల్లితో మాట్లాడండి. గిన్నెలో పాలు పోసి పిలస్తాండారు, అది రాకుండా మూలన కూర్చోనుండాది. పిలవండి."

కళ్లు మూసుకుని పిల్లిని తలచుకున్నాను. "పర్వాలేదు బంగారూ, ఇంకోసారి చూద్దామా?" అన్నాను. మస్తాన్ సార్ బొటనవేలు పైకెత్తారు. ఆ ఒక్క గొంతే పాఠాలన్నిటిలోకీ వెళ్లింది.

మచ్చ పడిన మామిడికాయ

యంత్రం చెప్పింది నమ్మేముందు పిల్లను అడగమని నాకు మొదట నేర్పింది బనగానపల్లె వైపు రెండో తరగతి పిల్లలు. నేను ఆ పాఠాన్ని సరిగ్గా వినిపించుకోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

లెక్కల పాఠంలో మామిడికాయల బుట్ట పెట్టాం. మస్తాన్ సార్ ముచ్చటపడి గీశారు. అన్నీ ఒకేలా ఉంటే జీవం ఉండదని ఒక కాయమీద నల్లమచ్చ కూడా వేశారు. బుట్టలో కాయలెన్ని అన్నది ప్రశ్న. జవాబు పది. ఆ బడిలో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు తొమ్మిదే నొక్కారు. నేను వెనక నిలబడి, "కళ్లు పెట్టి చూడండి!" అని గద్దించాను. మళ్లీ తొమ్మిదే. చివరికి ఒక చిన్నపిల్ల ధైర్యం చేసి తెరమీద వేలు పెట్టింది.

"మేడం, ఇది మచ్చ పడిండాది. దీన్ని బుట్టలో ఎయ్యరు. ఏస్తే అన్నీ చెడిపోతాయి. మా నాయన తీసేస్తాడు."

మామిడితోటల పిల్లలు. వాళ్ల లెక్కే సరైనది, మా యంత్రమే తప్పు. కర్నూలుకు తిరిగొచ్చి చెబితే మస్తాన్ సార్ పడీ పడీ నవ్వి ఆ మచ్చ చెరిపేశారు. నేనూ నవ్వాను. అక్కడితో మరచిపోయాను. నవ్వి మరచిపోవాల్సిన సంగతి కాదు అది.

పెద్దసారు కాగితాలు

మా పైన ఒక అధికారి ఉండేవారు. మేము పెద్దసారు అనేవాళ్లం. మనసు మంచి మనిషి. మండుటెండలో జీపు వేసుకుని పల్లెలు తిరిగేవారు, పిల్లల పక్కన కూర్చుని మధ్యాహ్న భోజనం తినేవారు. కానీ ఆయనకు ఒక బలహీనత ఉండేది. కంప్యూటరు నుంచి అచ్చై వచ్చిన కాగితం అంటే ఆయనకు వేదం. ఏ పిల్ల ఎన్ని సరిగ్గా నొక్కిందో, ఎన్ని తప్పు నొక్కిందో యంత్రం దాచుకుంటుందని తెలిసిన రోజు ఆయన ఆనందం చెప్పనలవి కాదు.

"మేడం, మనం ఇన్నాళ్లూ పిల్లల్ని కళ్లతో అంచనా వేశాం. ఇప్పుడు లెక్క చేతికొచ్చింది. తల్లిదండ్రుల సమావేశాల్లో చదివి వినిపించండి. వాళ్లకూ బడిమీద నమ్మకం పెరుగుతుంది" అన్నారు.

నేను ఎదురు చెప్పలేదు. నాకూ ఆ కాగితం నచ్చింది. ఇన్నేళ్లుగా నేను చెప్పే మాటకు లేని బరువు ఆ కాగితానికి ఉందని తెలుసు. మీకు ఒక మాట చెప్తాను. ఇప్పుడు మీ దగ్గర అంతకంటే అందమైన కాగితాలు, రంగురంగుల గీతలు ఉంటాయి. ఏ పిల్ల ఏం నొక్కిందో అవి చెప్తాయి. ఎందుకు నొక్కిందో చెప్పవు. ఆ సంగతి తెలియాలంటే పిల్ల పక్కన కింద కూర్చోవాలి, మోకాళ్లు నొప్పి పెట్టినా సరే.

నేత ఊరు

ఎమ్మిగనూరు వైపు ఒక నేత ఊరు. పేరు రాయను. ఇంటింటికీ గుంట మగ్గం. వీధిలో నడుస్తుంటే మగ్గాల చప్పుడే వినిపిస్తుంది, మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడాలంటే అరవాల్సిందే. ఆ ఊరి బడికి మూడు కంప్యూటర్లు వచ్చాయి. తల్లిదండ్రులు వాటిమీద దుమ్ము పడకుండా సొంతంగా గుడ్డ నేసి ముసుగులు కుట్టించారు. అందులో ఒకటి, అంచు వేసిన నీలంరంగు ముసుగు, చౌడప్ప నేసింది. అతని కూతురు నాగవేణి నాలుగో తరగతిలో ఉండేది.

నెలకోసారి నేను ఆ బడికి వెళ్లేదాన్ని. ఒక్కో కంప్యూటరు ముందు పది పన్నెండుమంది పిల్లలు. "తోసుకోవద్దు! చేతులు కడుక్కున్నారా? వెనక్కి జరగండి!" అని నా అరుపులతోనే గది నిండిపోయేది. మౌసు పట్టుకున్న పిల్ల వెనక నిలబడి చూసేదాన్ని. ఎన్నడూ పక్కన కూర్చోలేదు.

ఆ ఏడాది సగంలో సమావేశం పెట్టాం. బడి ముందు చాపలు పరిచారు. మగ్గాలు ఆపి మగవాళ్లు, ఆడవాళ్లు వచ్చారు. నేను కాగితం తీసి పేరు పేరునా చదివాను. బాగా చేసిన పిల్లల పేర్లకు చప్పట్లు. చివరన నాగవేణి. లెక్కల పాఠంలో ప్రతి ప్రశ్నకూ మొదట నొక్కింది తప్పే. ఒక్కటంటే ఒక్కటి సరి లేదు. "సున్నా" అని చదివాను. ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి అని కూడా అన్నాను. వెనక వరసలో ఎవరో నవ్వారు. చౌడప్ప తల వంచుకుని కూర్చున్నాడు. నాగవేణి గుంజకు ఆనుకుని నిలబడి నన్నే చూస్తూ ఉంది. ఆ చూపులో ఏముందో చూసే తీరిక నాకు లేకపోయింది.

తర్వాతి నెల వెళ్లేసరికి ఆ పిల్ల బడిలో లేదు. హెడ్మాస్టరు గారు చెప్పారు. "మానిపించినాడు మేడం. మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి పెట్టుకున్నాడు. నేను రెండుసార్లు పోయి అడిగితి. వినల్యా."

మగ్గం అబద్ధం చెప్పదు

ఆ రోజే వాళ్లింటికి వెళ్లాను. చౌడప్ప గుంటలో కూర్చుని నేస్తున్నాడు. భార్య బయట పడుగు సరిచేస్తూ ఉంది. నాగవేణి గోడవారన రాట్నం ముందు కూర్చుని నూలు కండెలకు చుడుతోంది. నన్ను చూడగానే తల దించుకుంది. చౌడప్ప మగ్గం ఆపి పైకొచ్చాడు, మంచం వాల్చాడు, మజ్జిగ తెప్పించాడు. మర్యాదకేమీ తక్కువ లేదు.

"పిల్లను ఎందుకు మానిపించావప్పా?" అన్నాను.

"మీరే చెప్పితిరి గదా మేడం, సున్నా అని."

"ఒక్క పాఠంలో సున్నా వస్తే చదువు రాదని కాదు కదా."

చౌడప్ప చెయ్యి మగ్గంమీద వేసి చెప్పాడు. "నేను సదువుకోల్యా మేడం. నాకు తెలిసింది ఇదొక్కటే. మనిషి అబద్ధం చెప్తాడు, మగ్గం చెప్పదు. పోగు తెగితే తెగిందని చూపిస్తాది. పంతులు చెప్పింటే నేను నమ్ముతాంటినో ల్యాదో. మిషను చెప్పింది గదా. మిషనుకు మా బిడ్డమీద పగేముండాది? దీనికి సదువు ఎక్కదు. ఎక్కని దాన్ని ఆడ కూర్చోబెట్టి నలుగురిలో నవ్వించుకునేదెందుకు?"

కోపంగా చెప్పలేదు. బిడ్డ పరువు కాపాడుతున్నాననుకున్నాడు. నేను కూడా ఆ కాగితాన్ని అలాగే నమ్మాను.

అప్పుడు నాగవేణి తల ఎత్తకుండానే తండ్రితో అంది, "నాయనా, ఎర్రది ఇంగ పద్నాలుగు కండెలు చుట్టమంటివి. చీర అయిపోయినంక రెండు మిగుల్తాయి."

"సరే, పన్నెండే చుట్టు" అన్నాడు చౌడప్ప, నా వైపే చూస్తూ.

మజ్జిగ గ్లాసు నా చేతిలోనే ఆగిపోయింది. నేసింది ఎంత, మిగిలింది ఎంత, మూరకు ఎన్ని కండెలు, ఇదంతా ఆ పిల్ల నూలు చుడుతూ మనసులో వేసింది. తండ్రి మళ్లీ లెక్క చూసుకోకుండా ఒప్పుకున్నాడు. రోజూ ఒప్పుకుంటున్నాడన్నమాట. లెక్కలో సున్నా వచ్చిన పిల్ల ఈ పిల్లేనా?

"చౌడప్పా, ఒక్క గంట పిల్లను నాతో పంపు" అన్నాను.

"తీసకపోండి మేడం. పొద్దుగూకే లోపల కండెలు కావల్ల, అంతే."

ఆ మేడం యాడుంటాది?

బడి వదిలేశారు. గదిలో మేమిద్దరమే. కంప్యూటరు వేసి, నాగవేణిని కూర్చోబెట్టి, మొదటిసారి నేనూ పక్కన చాపమీద కూర్చున్నాను. ఆ పిల్ల వేళ్లు చూశాను. సన్నటి పోగు తెగితే కంటికి కనబడకుండా ముడివేసే వేళ్లు. మౌసు పట్టుకుంటే బాణం గుర్తు ఎక్కడా తడబడలేదు.

మొదటి ప్రశ్న. బాణం నేరుగా సరైన జవాబు మీదికి వెళ్లింది. ఆగింది. నాగవేణి ఓరగా నన్ను చూసింది. తర్వాత బాణాన్ని పక్కకు జరిపి తప్పు జవాబు నొక్కింది.

"పర్వాలేదు బంగారూ, ఇంకోసారి చూద్దామా?" అంది స్పీకరు.

పిల్ల ముఖంలో వచ్చిన మార్పు నేనిప్పటికీ మరచిపోలేదు. పెదవులు కదలకుండానే ముఖమంతా నవ్వింది. వెంటనే సరైన జవాబు నొక్కింది. చప్పట్లు. రెండో ప్రశ్న. మళ్లీ బాణం సరైన జవాబు మీదికి వెళ్లి, వెనక్కొచ్చి, తప్పు నొక్కింది.

అరవడం అలవాటైన నోరు. "జవాబు తెలుసు కదా! తెలిసీ ఎందుకు తప్పు నొక్కుతున్నావు?" అన్నాను గట్టిగా.

పిల్ల బెదిరి మౌసు వదిలేసింది. చాలాసేపు బతిమాలాల్సి వచ్చింది. చివరికి నేలచూపులు చూస్తూ చెప్పింది.

"సరిగా కొడితే చప్పట్లే వస్తాయి మేడం. తప్పు కొడితే ఆ మేడం మాట్లాడతాది."

"ఏ మేడం?"

స్పీకరు వైపు చూపించింది. "లోపలుంటాది గదా, ఆ మేడం. శానా మంచిది. తప్పు చేసినా తిట్టదు. బంగారూ అంటాది." కాస్త ఆగి, ధైర్యం తెచ్చుకుని అడిగింది. "ఆ మేడం యాడుంటాది మేడం? మన బడికి ఎప్పుడన్నా వస్తాదా?"

ఆరు నెలలుగా నేను ఆ పిల్ల వెనకే నిలబడి ఉన్నాను. నా గొంతు వినడానికి ఆ పిల్ల సున్నాలు తెచ్చుకుంది. ఆ గొంతు నాదని మాత్రం తెలుసుకోలేకపోయింది. ఎలా తెలుస్తుంది? ఆ గొంతుతో నేను ఏ పిల్లతోనూ మాట్లాడింది లేదు. "నేనేనమ్మా" అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. సిగ్గేసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత సిగ్గు ఎన్నడూ వేయలేదు. కళ్లజోడు తుడుచుకునే నెపంతో ముఖం తిప్పుకున్నాను.

ఆ ఊళ్లో తల్లులు కఠినులని అనుకోకండి. నాగవేణి తల్లి పొద్దున లేచింది మొదలు పడుగు దగ్గరే ఉంటుంది, మగ్గాల మోతలో ఏం చెప్పినా కేకవేసే చెప్పాలి. మెత్తగా చెవిలో పడే మాటకు అక్కడ చోటు లేదు. పిల్లకు ఆ మాట ఒకచోట దొరికింది, అక్కడికి పోయి తెచ్చుకుంది.

రెండో సమావేశం

కర్నూలుకు పోయి పెద్దసారుకు జరిగింది చెప్పాను. మళ్లీ సమావేశం పెట్టి, తప్పు మాదని అందరి ముందూ చెప్తానన్నాను.

"మేడం, పిల్లను బడికి తెద్దాం, కాదనను. కానీ మిషను తప్పు చెప్పిందని మనమే అంటే రేపు ఎవరైనా నమ్ముతారా?" అన్నారు.

"నలుగురిలో సున్నా అన్నాను సార్. ఆ నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి" అన్నాను.

ఆయన కుదరదన్నారు. అయినా నేను ఆ ఊరికి వెళ్లి సమావేశం పెట్టాను. ఉద్యోగంలో పైవాళ్ల మాట దాటి చేసిన పని అదొక్కటే, దానికి ఇప్పటికీ చింత లేదు. చాపలు పరిచి అందరూ కూర్చున్నాక జీపు వచ్చి ఆగింది. పెద్దసారు దిగి, ఏమీ మాట్లాడకుండా వెనక వరసలో నేతగాళ్ల మధ్య కూర్చున్నారు. అందుకే ఆయన్ని మంచిమనిషి అన్నాను.

జరిగింది జరిగినట్టు చెప్పాను. సరిగ్గా చెప్పిన పిల్లను మా పాఠం పలకరించదు, తప్పు చెప్పిన పిల్లనే ముద్దుగా పిలుస్తుంది. అలా పెట్టింది నేను. పిలుపుకోసం తప్పు నొక్కిన పిల్లకు సున్నా చదివింది కూడా నేనే. ఆ పిల్లకు అన్ని జవాబులూ తెలుసు అన్నాను. ఆ గొంతు ఎవరిదో మాత్రం అక్కడ కూడా చెప్పలేదు.

చౌడప్ప లేచి నిలబడ్డాడు. నాతో కాక తన పక్కనున్న నేతగాళ్లతో అన్నాడు.

"మనకు తెలియని సంగతేం కాదప్పా ఇది. మగ్గం అచ్చులో ఒక పన్ను వంగిపోయింటే చీర పొడుగునా గీత పడతాది. చూసేవాడు పోగు మంచిది కాదంటాడు. పోగుది ఏం తప్పుండాది? అచ్చు సరిచేసుకోవల్ల." తర్వాత నావైపు తిరిగాడు. గొంతు తగ్గింది. "అయితే నా బిడ్డకు సదువు వస్తాదా మేడం?"

"వచ్చింది చౌడప్పా. ఇంట్లో కండెల లెక్క ఎవరు చెప్తున్నారు నీకు?"

అతను కూతురు వైపు తిరిగి అప్పుడే కొత్తగా చూసినట్టు చూశాడు. ఆ పిల్ల భుజాన్ని గుంజకు రుద్దుకుంటూ నవ్వింది. సోమవారం నుంచి నాగవేణి బడికొచ్చింది. తర్వాత పదో తరగతి దాకా చదివిందని విన్నాను. ఆపైన నా బదిలీతో ఆచూకీ తప్పిపోయింది.

పెద్దసారు పేర్లు చదివే పద్ధతి ఆపించారు. మేము పాఠాలన్నీ విప్పి మళ్లీ కుట్టాం. సరిగ్గా నొక్కినా పలకరింపు వచ్చేలా చేశాం. మస్తాన్ సార్, "ఈసారి పిల్లి అక్కర్లేదేమో మేడం" అన్నారు. నిజంగానే అక్కర్లేకపోయింది. అయితే పాఠం బాగుపడిందని నేను గర్వపడుతున్నంతలో ఇంకో సంగతి జరిగింది. రాయడానికి ఇబ్బందిగానే ఉంది, కానీ దాచితే ఈ రాత కూడా ఆ కాగితం లాంటిదే అవుతుంది.

కరెంటు లేని మధ్యాహ్నం

వేసవి సెలవులకు ముందు ఒక మధ్యాహ్నం ఆ బడికి వెళ్లాను. కరెంటు పోయి ఉంది. కంప్యూటర్లు ముసుగులు కప్పుకుని ఉన్నాయి. చేసేదేమీ లేక నాలుగో తరగతి పిల్లలతో నేలమీద కూర్చుని పలకలమీద భాగహారాలు ఇచ్చాను. అప్పటికి నా అరుపులు కొంత తగ్గాయి కానీ పిల్లలు ఇంకా నన్ను నమ్మలేదు, కాస్త దూరంగానే కూర్చునేవాళ్లు.

నాగవేణికి ఒక లెక్క చిక్కుపడింది. ఈసారి నిజంగానే తప్పు. చెరిపి మళ్లీ వేసింది, మళ్లీ తప్పే. మూడోసారి చెరుపుతుంటే కంట్లో నీళ్లు తిరగడం చూశాను. ఏమీ ఆలోచించలేదు. మా రాజంపేట మాటే నోటికొచ్చింది.

"ఏం కాల్యా నాయనా. ఇట్ల రా, ఇద్దరం కలిసి చేసుకుందాం."

పలక మీద చెయ్యి ఆగిపోయింది. చటుక్కున తల తిప్పి కంప్యూటరు వైపు చూసింది. నీలం ముసుగు కదలకుండా ఉంది. కాసేపు దాన్నే చూసింది. తర్వాత మెల్లగా నావైపు తిరిగి, నా నోటినే చూస్తూ ఉండిపోయింది.

"ఆ మేడం నువ్వేనా?"

"అవునమ్మా. నేనే."

పలక తీసుకుని జరిగి జరిగి నా పక్కకొచ్చింది. మోకాలు నాకు తగిలేంత దగ్గరగా కూర్చుంది. సుద్దముక్క చేతిలో తిప్పుతూ, కోపం లేకుండా, తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"మరి ఇన్ని దినాలు ఎందుకట్ల అరస్తాంటివి?"